నాలుగు మూలల రాయి

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నాను. మొదటి నాలుగు పేజీల్లో కొలతలే ఉన్నాయి. ఈ రోజు నుంచి వేరేవి కూడా రాస్తాను. ఇది నాకోసం. ఎవరైనా తెరిచి చూస్తే చెయ్యి విరుస్తాను.

కృష్ణప్ప మేస్త్రీ కంటి ఆపరేషన్‌కు కుప్పం వెళ్ళాడు. నెల దాకా కూతురింట్లోనే ఉంటాడట. పుంగనూరులో పాత ప్రార్థన హాలుకు నేల రాళ్ళు పరిచే పని నా మీద పడింది. కాంట్రాక్టరు గిరిబాబన్న ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు. "ఆల్విన్, మేస్త్రీ లేడని నాకు కతలు సెప్పొద్దు. ఈస్టర్‌కు హాలు కావల్లంట."

కథలు ఎవడు చెప్పాడు? కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో ఐదేళ్ళు కోత మిషన్ ముందు నిలబడ్డాను. ఇంకో రెండేళ్ళు మేస్త్రీ వెనక రాళ్ళు పరిచాను. నాకు రాని పని ఏముంది?

మధ్యాహ్నం అన్నాల దగ్గర అంకమ్మక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. మా దగ్గర సిమెంటూ ఇసుకా మాలు కలిపి గంపలు ఎత్తి అందిస్తుంది. పెద్దపంజాణి దారిలో వాళ్ళ ఊరు.

"అప్పా, నువ్వు అన్నం తింటా కూడా ఫోన్లో లెక్కలు సూస్తావు గదా. మా ప్రమీలకు రొంత సెప్పు."

"నేను టెన్త్ లెక్కల్లో ఫెయిలక్కా."

"అయితే ఏమి. ఫెయిలైనోనికే కదా యాడ కష్టమో తెలిసేది."

ఆ మాట నాకు నచ్చింది. సంగతేమిటంటే, వాళ్ళ ఊర్లో బడి ఏడో తరగతి దాకే ఉంది. కుప్పం దగ్గర ఒక హాస్టల్ బడిలో ఎనిమిదిలో కొన్ని సీట్లు ఖాళీ అయ్యాయి. వాటికి ఏప్రిల్ ఆరున పరీక్ష. "సీటు వస్తే సదువుకుంటాది. రాకుంటే నాతోపాటు గంప ఎత్తుతాది," అంది అంకమ్మక్క. బాధపడుతూ చెప్పలేదు. ఉన్నది చెప్పింది.

ఒప్పుకున్నాను.

మార్చి 5, బుధవారం

మొదటి క్లాసు, సాయంత్రం పని అయిపోయాక, హాలు వరండాలో. ప్రమీల ఒక్కతే అనుకుంటే ఐదుగురు వచ్చారు. పాస్టరు ప్రసాదరావు గారి కూతురు మెర్లిన్, టీ అంగడి వాళ్ళ ధనుష్, ఇంకో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. ప్రమీల చిన్నది, నల్లగా పుల్లలాగా ఉంటుంది. మాట్లాడదు. కళ్ళు మాత్రం మన చేతి మీదనే ఉంటాయి.

నేను బోర్డు పెట్టలేదు. కోసిన గ్రానైటు ముక్కలు తెచ్చి వరుసగా పెట్టాను. "చతుర్భుజం అంటే నాలుగు మూలల రాయి. రాసుకోండి," అన్నాను. రాసుకున్నారు. "నాలుగు పక్కలూ సమానమైతే చతురస్రం. ఎదురెదురు పక్కలు సమానమైతే దీర్ఘచతురస్రం. అంతే. టేపు పెట్టి మీరే చూసుకోండి." టేపు చేతికిస్తే ఒకరి మీద ఒకరు పడి కొలిచారు.

నాకు చెప్పినవాళ్ళు ఇలా చెప్పారా ఎప్పుడైనా? నిర్వచనాలు, ధర్మాలు, పేజీలకు పేజీలు. వాళ్ళలో ఒక్కడు కూడా రాయిని చేత్తో ముట్టుకుని ఉండడు.

ధనుష్ అడిగాడు. "సార్, మీరు టెన్త్ ఫెయిలంట కదా?"

"ఎవరు చెప్పినార్రా?"

"మీరే సెప్పినారు సార్, టీ తాగుతా, మా నాయనతో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెళ్ళేటప్పుడు ప్రమీల "వస్తాను సార్" అంది. ఇరవైనాలుగేళ్ళలో నన్ను సార్ అన్న మనిషి లేడు.

మార్చి 7, శుక్రవారం

నేల మొదలుపెట్టాను.

కృష్ణప్ప మేస్త్రీ ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ఒక పూజ చేస్తాడు. జేబులోంచి తెల్లదారం ఉండ తీసి కళ్ళకద్దుకుంటాడు. ఒక కొస అంకమ్మక్కకిచ్చి ఒక మూలలో నిలబెడతాడు. తను ఎదురు మూలకు వెళ్ళి దారం బిగలాగి ముడివేస్తాడు. తర్వాత మిగిలిన రెండు మూలలకూ అలాగే లాగుతాడు. ఆ కాసేపు ఎవరితోనూ మాట్లాడడు. ఒక్కోసారి తలాడిస్తాడు, ఒక్కోసారి నాలిక చప్పరిస్తాడు. నేను ఆ సేపు కుళాయి దగ్గరికి వెళ్ళిపోతాను. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి, ఆ దారాలూ ముడులూ నాకెందుకు? రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఈ రోజు అంకమ్మక్క అడిగింది. "మూల దారం పట్టేది లేదా అప్పా? మేస్త్రీ అది పట్టకుండా రాయి పెట్టడే."

"అది మీ పూజ అక్కా. ప్రార్థన హాల్లో అదెందుకు?"

"నీ ఇష్టం," అని గంపెత్తుకుంది.

నాలుగు గోడలూ టేపుతో కొలిచాను. పొడవు గోడలు రెండూ ముప్పై అడుగులు. అడ్డం గోడలు రెండూ ఇరవై. ఎదురెదురు పక్కలు సమానం. ఇంకేం కావాలి? అంకమ్మక్క ఒక కొస పట్టుకుంటే వాకిలి గోడకు దారం కట్టి మొదటి వరుస వేశాను. రెండడుగుల రాళ్ళు పదిహేను, అరంగుళం కోత లేకుండా కూర్చున్నాయి.

మార్చి 10, సోమవారం

క్లాసు బాగా జరిగింది.

మార్చి 11, మంగళవారం

నిన్న బాగా జరగలేదు. నా పుస్తకంలో నేను అబద్ధం రాసుకోవడం ఏమిటి?

జరిగింది ఇది. ప్రమీల నాలుగు చీపురుపుల్లలు తెచ్చింది. నాలుగూ ఒకే పొడవుకు తుంచి, కొసలను తుమ్మముళ్ళతో గుచ్చి కలిపింది. నా ముందు పెట్టింది.

"సార్, నాలుగు పక్కలూ సమానం. ఇది చతురస్రమే కదా?"

"అవును."

ఒక మూల మీద వేలు పెట్టి పక్కకు నెట్టింది. పుల్లలు వాలిపోయాయి, గాలికి వాలిన గుడిసె మాదిరి. "ఇప్పుడు సార్? పుల్లలు అవే. పొడుగూ అదే."

"నెట్టొద్దు. నెడితే ఏదైనా వంకరపోతుంది," అన్నాను.

"నెట్టినా పక్కలు మారలేదు కదా సార్."

ధనుష్ కిసుక్కుమన్నాడు. "సారుకు సిక్కింది రా లెక్క," అన్నాడు. మెర్లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుల్లలు తీసుకుని విరిచి బయట పారేశాను. తర్వాత అన్నాను. ఏమన్నానో రాయాలి. రాయకపోతే మరిచిపోయినట్టు నటిస్తాను.

"నీ బుర్ర లెక్కలకు కాదు. మీ అమ్మతో పోయి మాలు గంప ఎత్తుకో," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. నోట్సు మూసి, ముల్లు కింద పడిందేమో వెతికి తీసి, చేతిలో పట్టుకుని వెళ్ళింది. ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని.

మార్చి 12, బుధవారం

ప్రమీల రాలేదు. జ్వరమేమో.

మార్చి 13, గురువారం

రాలేదు. అంకమ్మక్క మామూలుగానే మాలు కలుపుతోంది, మామూలుగానే నాతో మాట్లాడుతోంది. అంటే పిల్ల ఇంట్లో చెప్పలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. పని ఎక్కువగా ఉండింది.

నేల ఏడు వరుసలైంది. ఎడమ గోడ దగ్గర సందు వస్తోంది. మొదటి వరుసలో లేదు, మూడో వరుసకు ఒక వేలు, ఇప్పుడు రెండు వేళ్ళు. కుడి పక్కన రాళ్ళ అంచు కోయాల్సి వస్తోంది. పాత గోడ కదా, ప్లాస్టరు మందం తేడా ఉంటుంది. సందులో మాలు కూరాను.

మార్చి 14, శుక్రవారం

పదో వరుస అయింది. ఎడమ గోడకూ రాయికీ మధ్య నాలుగు వేళ్ళు పడుతున్నాయి.

పాస్టరు గారు వాకిట్లో నిలబడి చూశాడు. ఆయన నెమ్మదస్తుడు, తిట్టడు. "ఏమప్పా ఆల్విన్, గోడ ఒక పక్కకు పోతాండాది, రాయి ఒక పక్కకు పోతాండాది," అన్నాడు. అంతే. నేను అక్కడ నిలబడి చూశాను. నిజమే. నేలంతా ఏదో జారిపోతున్నట్టుంది.

గంటలో గిరిబాబన్న బండి దిగాడు. నేల చూశాడు, నన్ను చూశాడు. "ఏందిరా ఇది? సిన్నపిల్లోళ్ళు ఏసినారా? దారం ఎట్ల కట్టినావు?"

"దారం సరిగ్గానే కట్టినాను అన్నా. అవతల కొస అంకమ్మక్క పట్టుకుంది. వదులు చేసి ఉంటుంది."

అంకమ్మక్క గంప నెత్తి మీద పెట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. "నేనా?" అంది. నన్నే చూసి అంది, గిరిబాబన్నను చూసి కాదు.

"రేపట్నించి రావొద్దు పో," అన్నాడు గిరిబాబన్న.

ఆమె గంప దించి, అందులోని మాలు పారవేయకుండా నా పక్కన బోర్లించి, చేతులు కడుక్కుని వెళ్ళింది.

దారం ఆమే పట్టుకుంది. అది నిజమే.

మార్చి 15, శనివారం

దారం ఆమే పట్టుకుంది.

మార్చి 16, ఆదివారం

మదనపల్లెలో ఇంటికి వచ్చాను. చర్చికి అమ్మతో పోయాను. మా అమ్మ ఎలిజబెత్ మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఇరవై ఏళ్ళుగా అదే వార్డు. ఆమెకు నేను ట్యూషన్ చెబుతున్నానని మహా గొప్ప. వార్డులో అందరికీ చెప్పింది. ఇద్దరు నర్సమ్మలు చర్చి బయట ఆగి "ఏం మాస్టారూ" అన్నారు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది. "పిల్లోళ్ళు బాగ సదువుతాండారా?"

"ఊఁ."

"కొట్టొద్దు నాయనా. తిట్టొద్దు. నీ బుర్ర రాళ్ళు మోసేదానికి తప్ప దేనికీ పనికిరాదని ఆ లెక్కల సారు అన్నాడని నువ్వు మూడు దినాలు అన్నం ముట్టలా. బడి ముఖం మళ్ళా సూడలా. నాకు గుర్తుండాది."

నాకు గుర్తులేదనుకుంది అమ్మ. ఎనిమిదేళ్ళుగా ఆ సారును రోజూ తిట్టుకుంటున్నాను. ఎక్కడైనా కనిపిస్తే కాలరు పట్టుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నాను. ఆయన మాటలో రాళ్ళు తీసి గంప పెట్టి నేను వాడుకున్నాను. ఆయనకు కనీసం డిగ్రీ ఉంది.

"ఏమి, కూర బాగలేదా?" అంది అమ్మ.

బాగుందన్నాను.

మార్చి 19, బుధవారం

కుప్పం వెళ్ళాను. గిరిబాబన్నకు రాయి చూసేందుకని చెప్పాను. కృష్ణప్ప మేస్త్రీ కూతురింటి అరుగు మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేల ఫోటో చూపించబోతే "కండ్లు కనపడవు రా, నోటితో సెప్పు," అన్నాడు. చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు.

"మూల దారం ఏం సెప్పింది?"

"నేను పట్టలేదు మేస్త్రీ. మీ పూజ కదా అని."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. అద్దాల కింద నుంచి నీళ్ళు కారుతుంటే కూతురు పరిగెత్తుకొచ్చి "నవ్వొద్దు నాయనా, కుట్లు" అని కసిరింది.

"పూజంట మే, పూజంట," అన్నాడు ఆమెతో. నా వైపు తిరిగాడు. "రెండేండ్లు నా ఎనకాల తిరిగినావే, అడిగేదానికి నోరు లేదా? కండ్లకద్దుకునేది అన్నం పెట్టే దారమని. మూలలకు లాగేది గది నిలబడిందా వాలిందా అని సూసేదానికి. రెండు పక్కలా ముడి ఒకే తావున వస్తే మూల కలిసినట్టు. రాకుంటే గది వాలినట్టు. పక్కలు కొలిస్తే ఏమొస్తాది? పడిపోయినోని కాలు కొలిచినా అంతే ఉంటాది, నిలబడినోని కాలు కొలిచినా అంతే ఉంటాది."

ఫ్యాక్టరీలో ఐదేళ్ళు నేను చూసిన రాళ్ళన్నీ మిషన్ కోసినవి. మిషన్ మూల తప్పదు. నేను పక్కలు కొలిచేవాణ్ణి, మూల ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. పక్కలు సమానమైతే మూల తనంతట తనే వస్తుందనుకున్నాను. నాలుగు పుల్లలతో ఒక్క నిమిషంలో ఆ పిల్ల చూపించింది ఇదే.

"మధ్యలోంచి గీత తీసుకోని మళ్ళా మొదలుపెట్టు," అన్నాడు మేస్త్రీ. "తప్పును రెండు పక్కలకూ పంచి, సుట్టూ నల్లరాయి పట్టీ కొట్టు. ఇంగ ఒకటి, దారం పట్టేది అంకమ్మ కదా. ఆమె సేతిలో దారం ఎప్పుడూ సడలదు. అందుకే ఆమెకిస్తాను."

ఆమెను పనిలోంచి తీసేశారని నేను చెప్పలేదు.

మార్చి 20, గురువారం

నేను ఒక్కణ్ణే మేకులు కొట్టి మూల దారం పట్టాను. ఐదు అంగుళాలు తేడా. రేపు గిరిబాబన్నకు చెబుతాను.

మార్చి 21, శుక్రవారం

గిరిబాబన్న వచ్చాడు. చాలా పనుల్లో ఉన్నాడు. రేపు చెబుతాను.

మార్చి 22, శనివారం

చెప్పాను. ఫోన్లో కాదు, ఆయన ఇంటికి వెళ్ళి నిలబడి చెప్పాను. మూల చూడలేదు, తప్పు నాది, అక్క దారం సరిగ్గానే పట్టుకుంది. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అమ్మ ఎప్పుడైనా చదువుతుందేమో. చివరికి, "రాళ్ళన్నీ పీకి మళ్ళా ఎయ్యి. నీ సేతుల్తోనే. ఆమెను కూడా నువ్వే పోయి పిల్సుకోని రా, నేను పిలవను," అన్నాడు.

వాళ్ళ ఊరికి వెళ్ళాను. అంకమ్మక్క వాకిట్లో టమేటా బుట్టలకు పురికొస కడుతోంది. ప్రమీల పక్కన కూర్చుని చదువుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ లేవడం చూసి నాకు ఇంకా చిన్నతనమైంది.

"అక్కా, తప్పు నాది. అన్నకు చెప్పేసినాను. సోమవారం నుంచి రా."

అంకమ్మక్క పురికొస కొరికి తెంపింది. "నేను వదులు సెయ్యలేదని నీకు ఆ పొద్దే తెలుసు కదప్పా?"

"తెలుసు."

"తెల్సీ యాల సెప్పినావు?"

"భయపడి," అన్నాను. "ఊఁ, మగోళ్ళకు కోపమొస్తే ఒకరు కావల్ల, బయమేస్తే ఒకరు కావల్ల," అంది. ప్రమీలను నీళ్ళు తెమ్మంది. నాకు తాగడానికి ఇచ్చింది. సోమవారం వస్తానంది.

ప్రమీలతో కూడా అన్నాను. "ఆ రోజు గంప అని నేను అన్నది తప్పు. మనసులో పెట్టుకోకు. క్లాసుకు రా, పరీక్షకు రెండు వారాలే ఉంది."

"సరే సార్," అంది.

అందరికీ చెప్పేశాను. గుండె తేలికైంది.

మార్చి 24, సోమవారం

తేలిక కాలేదు. పుల్లల సంగతి చెప్పలేదు. అన్న మాట తప్పని చెప్పానే గాని, లెక్క తప్పని చెప్పలేదు. నువ్వు చెప్పిందే రైటు, నేను చెప్పింది తప్పు అనలేదు. గిరిబాబన్నకు చెప్పగలిగాను, ఆమె అమ్మకు చెప్పగలిగాను. పన్నెండేళ్ళ పిల్లకు చెప్పడానికి నోరు రాదా?

సార్ అని ఒకసారి పిలిపించుకున్నాక దిగడం కష్టం.

టైముంది కదా. చెబుతాను.

ఏప్రిల్ 1, మంగళవారం

భిన్నాలు, శాతాలు, వడ్డీ. బాగా పట్టుకుంటోంది. ఇచ్చిన ఇరవై లెక్కల్లో పద్దెనిమిది చేసింది. పగలు రాళ్ళు పీకుతున్నాను. ప్రతి రాయి అడుగునా గట్టిపడిన మాలును ఉలితో గీకాలి. అంకమ్మక్క మాట్లాడకుండా కొత్త మాలు కలుపుతుంది.

క్లాసు చివర్లో ప్రమీల అడిగింది. "సార్, ఆ నాలుగు పుల్లలది..."

"అది వదిలెయ్. పరీక్షకు రాదు," అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఉదయం ఐదున్నర బస్సు. నేను, అంకమ్మక్క, ప్రమీల. పలమనేరులో దిగి మారాం. బైరెడ్డిపల్లె దాటేదాకా ప్రమీల ఎక్కాలు గొణుక్కుంటూనే ఉంది. కండక్టరు "పాప జోస్యం సెప్తాందా ఏమి?" అంటే అంకమ్మక్క "జోస్యం కాదప్పా, పరీచ్చ," అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను.

పది నుంచి పన్నెండు. మేము గోడ బయట నీడలో కూర్చున్నాం. బెల్లు కొట్టాక ప్రమీల పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. అన్నీ రాసిందట. ప్రశ్నల పేపరు నా చేతిలో పెట్టింది. ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. మూడో పేజీలో ఉంది.

నాలుగు భుజాలూ సమానంగా ఉన్న ప్రతి చతుర్భుజమూ చతురస్రమే. తప్పా, ఒప్పా? కారణం రాయండి. రెండు మార్కులు.

"దీనికి ఏం రాసినావు?"

"ఒప్పు అని రాసినాను సార్."

"నువ్వే కదా పుల్లలు నెట్టి చూపించింది."

"పుల్లలే గుర్తొచ్చినాయి సార్. శానాసేపు ఆలోచన చేసినాను. మీరు నాలుగు పక్కలు సమానమైతే చతురస్రమన్నారు కదా. తప్పు అని రాసినట్టు మీకు తెలిస్తే మళ్ళా కోపమొస్తాదని."

అంకమ్మక్క కూతురి తల నిమిరింది. "నేనే సెప్పినాను, సారు ఎట్ల సెప్తే అట్లనే రాయమని," అంది నాతో, నేను సంతోషిస్తానని.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ నిద్రపోయారు. ప్రమీల తల నా భుజానికి తగిలింది. కదలకుండా కూర్చున్నాను. చెప్పడానికి రెండు గంటలున్నాయి. నిద్ర లేపడమెందుకని చెప్పలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

రెండు మార్కులు.

ఏప్రిల్ 9, బుధవారం

పరీక్ష అయిపోయినా పిల్లలు వచ్చారు. వరండాలో కాదు, హాల్లోకి రమ్మన్నాను. సగం నేల పీకేసి ఉంది, సగం కొత్తగా పరిచి ఉంది. అంకమ్మక్కను కూడా కూర్చోమన్నాను. చీపురుపుల్లలు నాలుగు, తుమ్మముళ్ళు నాలుగు తెచ్చుకున్నాను. గుచ్చుతుంటే వేలికి దిగింది.

"నాలుగు పక్కలు సమానమైతే చతురస్రం అని నేను చెప్పింది తప్పు. మూలలు కూడా నిటారుగా ఉండాల. ఈ నేల ఇట్లయింది కూడా అందుకే. ప్రమీల నాకు మార్చి పదో తేదీనే చూపించింది. నాకు జవాబు తెలియక ఆమెను తిట్టినాను. తర్వాత తెలిసింది. తెలిసి కూడా చెప్పలేదు. పరీక్షలో అదే వచ్చింది."

ధనుష్ చెయ్యెత్తాడు.

"అయితే నోట్సంతా కొట్టేయల్లా సార్?"

నవ్వబోయి ఆగిపోయారు. ప్రమీల నా వైపు చూడలేదు. నేను గుచ్చిన పుల్లలను చేతిలోకి తీసుకుని నెట్టింది, మళ్ళీ నిలబెట్టింది, నెట్టింది. "ఎప్పుడు తెలిసింది సార్?" అంది.

"పంతొమ్మిదో తేదీ. మార్చి."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నేను చూస్తుండగానే లెక్కపెట్టింది. "పద్దెనిమిది దినాలు," అంది. పుల్లలు నేల మీద పెట్టి అమ్మ పక్కకు వెళ్ళి కూర్చుంది.

అంకమ్మక్క కూతురి నోట్సు తీసి సంచిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 10, గురువారం

ప్రమీల రాలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

హాలు నిన్న అయిపోయింది. చుట్టూ నల్లపట్టీ. ఈ రోజు గుడ్ ఫ్రైడే ప్రార్థన అందులోనే జరిగింది. మదనపల్లె నుంచి అమ్మ వచ్చింది. నేల తాకి చూసి "నా కొడుకు ఏసినాడు," అని పక్కన కూర్చున్న వాళ్ళకు చెప్పింది. నేను వెనక వరుసలో తల ఎత్తలేదు. ఒప్పుకోలు ప్రార్థన వచ్చినప్పుడు అందరితో పాటు పెదవులు కదిలించాను.

ఏప్రిల్ 28, సోమవారం

జాబితా వచ్చింది. పాస్టరు గారు ఫోన్లో చూసి చెప్పాడు. ప్రమీల పేరు సీట్ల జాబితాలో లేదు. వెయిటింగ్‌లో మూడోది. చివరి సీటు వచ్చిన పిల్లకూ ఆమెకూ మధ్య ఒకటిన్నర మార్కు. నేను లెక్క మళ్ళీ మళ్ళీ చూశాను, ఏదో మారుతుందన్నట్టు.

ఇప్పుడు అంగన్‌వాడీ గది పని నడుస్తోంది. అంకమ్మక్కకు నేనే చెప్పాలని వెళ్ళాను. ఆమెకు అప్పటికే తెలుసు.

"పొయ్యేది పొయ్యిందిలే అప్పా," అంది. "నాతో బస్సులో తెచ్చి ఈడ పుంగనూరు హైస్కూల్లో ఏస్తాను. నాకు పని ఉన్నన్ని దినాలు సదువుతాది."

పని ఉన్నన్ని దినాలు. నెలన్నర కిందట ఆ పని తీయించింది నేనే. ఆమె ఆ మాట ఎత్తలేదు. నా చేతికి మాలు గంప అందించింది.

ఏప్రిల్ 30, బుధవారం

మధ్యాహ్నం ప్రమీల వచ్చింది. అమ్మకు అన్నం క్యారియరు తెచ్చింది. ఇచ్చేసి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. సంచిలోంచి నోట్సు తీసి, నేను కూర్చున్న రాళ్ళ దొంతి మీద పెట్టింది.

"వచ్చే ఏడు తొమ్మిదో తరగతికి కూడా పరీచ్చ ఉండాదంట సార్. మెర్లిన్ సెప్పింది."

"ఉంటుంది."

"ఇంగా ఏమేం తప్పు సెప్పినారు?"

కోపంగా అడగలేదు. వెటకారమూ కాదు. మేస్త్రీ గదిలోకి వచ్చి మూల అడిగినట్టు అడిగింది.

"నాకు తెలియదు. ఉంటాయి," అన్నాను.

"అయితే మొదట్నించి సూద్దాం," అని నా పక్కన కూర్చుంది. మొదటి పేజీ తిప్పింది. గుండ్రటి అక్షరాలు, కింద స్కేలు పెట్టి గీసిన గీత. నేను మార్చి ఐదున రాయించిన మొదటి వాక్యం మీద వేలు పెట్టి చదివింది.

"చతుర్భుజం అంటే నాలుగు మూలల రాయి."

ఆగింది. నా వైపు తిరిగింది.

"రాయేనా సార్?"

అంకమ్మక్క అన్నం కలుపుతున్నది ఆపి చూసింది. నేను చెయ్యి చాపాను. ప్రమీల పెన్ను మూత తీసి ఇచ్చింది. రాయి అన్న మాట కొట్టేశాను. ఆ పక్కన ఏం రాయాలో నాకు వెంటనే తెలియలేదు. ఆమెనే అడిగాను.